ఆడి గాలిలో పరిచిన పడుగు

నేను పళ్ళ డాక్టర్ని. తిరువళ్ళూరులో స్టేషనుకు పోయే రోడ్డులో, మందుల షాపు మేడ మీద నా క్లినిక్కు. గాలి సోకింది, ధూళి సోకింది అని ఎవరైనా నా దగ్గర మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్ల నిద్రలో పళ్ళు కొరుకుతోందని చేతికి తాయెత్తు కట్టించి, అది పనిచెయ్యకపోతే అప్పుడు నా దగ్గరికి తీసుకొచ్చే తల్లులను ఎంతమందిని తిట్టానో లెక్కలేదు. దయ్యాల కథలు చెప్పేవాళ్ళను సగంలోనే ఆపేసి, నోరు తెరవండి అంటాను. అటువంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు విమానం నడపడం వచ్చు. ఉద్యోగానికి కాదు, ప్రైవేటు పైలట్ లైసెన్సు మాత్రమే. నలభై దాటాక నేర్చుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళు ఇంట్లో మాటలకు కొదవ ఉండేది కాదు. ఆమె పోయాక ఆదివారం వస్తోందంటేనే నాకు దిగులుగా ఉండేది. పలకరించే దిక్కు లేక, ఫ్యాను చప్పుడు వింటూ పడుకునేదాన్ని. అట్లా ఒక ఆదివారం, పడమటివైపున్న ఒక ఫ్లయింగ్ స్కూలుకు ఊరికే చూద్దామని వెళ్ళి, చేరి వచ్చాను.

ఈమధ్య ఆ స్కూల్లో కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలు, మద్రాసు ఎయిర్‌పోర్టుకు దగ్గరగా ఎగిరేటప్పుడు ఏం చూసుకోవాలో రాసిపెట్టమని అడిగారు. రాసిచ్చాను. గాలి లెక్క మళ్ళీ చూసుకోండి, ట్యాబును ఎండలో పెట్టకండి, రేడియోలో ముందు వినండి, తర్వాత మాట్లాడండి, దారి తప్పితే దాచుకోకుండా చెప్పండి అని రాశాను. ఆ మాటలన్నీ నేను ఒకే రోజు నేర్చుకున్నాను. కానీ ఆ రోజు జరిగింది మాత్రం వాళ్ళకు రాయలేదు.

తెలియనివాళ్ళకు ఒక మాట. పెద్ద ఎయిర్‌పోర్టు చుట్టూ ఆకాశంలో ఒక హద్దు ఉంటుంది. గోడ ఉండదు, కంచె ఉండదు. కానీ కింద నుంచి రేడియోలో విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. దిగడానికి వచ్చే పెద్ద విమానాలు అక్కడ ఒకదాని వెనక ఒకటి కిందికి వస్తుంటాయి. వాటి దారిలోకి మా బుల్లి విమానం పోతే, ఢీకొట్టనక్కరలేదు, అవి వెనక వదిలే గాలి సుడి చాలు మమ్మల్ని బోర్లా పడెయ్యడానికి. ప్రాణం మిగిలినా లైసెన్సు మిగలదు. నాకు లైసెన్సు పోవడమంటే మళ్ళీ ఆ ఆదివారాల్లోకి పోయి పడటమే.

మా ఇన్‌స్ట్రక్టరు భూపతి సార్‌ది చిత్తూరు వైపు. తల నెరిసింది కానీ గొంతు తగ్గలేదు. హద్దుకు ఇవతల, తిరుత్తణికి తూర్పున కనకమ్మ సత్రం అనే ఊరుంది. ఆయన మాకు పెట్టిన నియమం ఒకటే.

“కనకమ్మ సత్రం నీకు గీత అనుకో డాక్టరమ్మా. దాన్ని దాటి తూర్పుకు పోవాలంటే అడిగి పో. యాడుండావో తెలీకపోతే తెలీదని రేడియోలో చెప్పేయ్. సిగ్గుపడినావా, సచ్చినావే.”

ఆ రోజు ఆడికృత్తిక, తమిళుల ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ. తిరుత్తణి కొండకు పూల కావడులు పోయే రోజు. అమ్మ ఉన్నప్పుడు ప్రతి ఏడూ నన్ను లాక్కుపోయేది. పసుపు బట్టలు, చెమట, అరోహరా కేకలు, మెట్ల మీద ఒకరి కాలు ఒకరు తొక్కుకోవడం, దిగాక ఇద్దరం చెరకు రసం తాగడం. ఆమె పోయాక నేను ఆ జనంలోకి పోలేకపోయాను. అంతమంది మధ్య ఒంటరిగా నిలబడటం ఇంట్లో కూర్చోవడం కన్నా కష్టం. ఆ ఏడు నాకు లైసెన్సు ఉంది కదా, పైనుంచే చూసి ఒక దండం పెట్టుకుందామనుకున్నాను.

దారి సులువైనదే. స్కూలు నుంచి తూర్పుగా వచ్చి, తిరుత్తణి కొండను కాస్త దూరం నుంచి చూసి, ఎడమకు తిరిగి ఉత్తరంగా పోవాలి. పొదటూరుపేట పక్కన మా అమ్మ పుట్టిన ఊరుంది. దాని మీద మళ్ళీ ఎడమకు తిరిగితే ఇంటిదారి. ఇవన్నీ నేను చిన్నప్పటి నుంచీ బస్సులో తిరిగిన ఊళ్ళు. భూపతి సార్ మ్యాపు చూసి సంతకం పెడుతూ, గాలి జాగర్త అన్నాడు. నేను తల ఊపాను. మా ఊరికి పోవడానికి నాకొకరు దారి చెప్పాలా అని లోపల అనుకున్నాను.

ఆడి మాసం గాలి పడమటి నుంచి వస్తుంది. మిద్దె మీద ఆరేసిన బట్టలు పక్కింట్లో పడేది ఈ గాలికే. నేను తూర్పుగా పోతున్నాను కాబట్టి అది వెనకనుంచి తోస్తోంది. నేను లెక్కేసిన దానికన్నా గట్టిగా తోస్తోందని నాకు తెలియలేదు. కింద దుమ్ము లేచి అంతా పాలిపోయినట్టు ఉంది. నిటారుగా కిందికి చూస్తే పొలాలు కనిపిస్తున్నాయి, ఎదురుగా చూస్తే ఏమీ లేదు. దారి చూపించే ట్యాబు ఎండకు కాలి, వేడెక్కిందని ఒక గుర్తు చూపించి ఆగిపోయింది. అది పాత విమానం, వేరే తెర లేదు. పరవాలేదులే అనుకున్నాను.

కాసేపటికి కుడివైపు దుమ్ములోంచి ఒక కొండ పైకొచ్చింది. కొండ మీద గోపురం. మెట్ల మీద పసుపు బట్టల జనం. అరోహరా అని నాకు తెలియకుండానే అనేశాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొండ కొంచెం పొట్టిగా అనిపించింది. పైనుంచి చూస్తే అంతేలే అనుకున్నాను. మా వైపు గుట్ట గుట్టకూ మురుగన్ గుడి ఉంటుంది, ఆడికృత్తికకు ప్రతి గుట్టా పసుపెక్కుతుంది. ఇది పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నాకు తెలుసు. అయినా, తిరుత్తణి కొండ నాకు తెలీదా అన్న పొగరులో ఉన్నాను. వేరే ఊరి పైలట్ అయితే దిక్సూచి చూసేవాడు, గడియారం చూసేవాడు, అనుమానపడేవాడు. నేను దండం పెట్టుకుని ఎడమకు తిరిగాను.

ఉత్తరంగా పోతున్నాననే అనుకున్నాను, గాలి నన్ను పక్కకు తోస్తూనే ఉంది. పొదటూరుపేట రావలసిన సమయం వచ్చింది, పోయింది. ఆ ఊరి మరమగ్గాల షెడ్లు కనిపించలేదు. రోడ్డు కనిపించలేదు. ఊరు కనబడకుండా తిరిగేదెట్లా, ఇంకొంచెం ముందుకు పోదాం అనుకున్నాను. మొండితనం నాకు అమ్మ నుంచే వచ్చింది.

రేడియోలో పెద్ద విమానాల వాళ్ళు ఆగకుండా మాట్లాడుతున్నారు. ఒకరు ఆపగానే ఇంకొకరు. కంట్రోలర్ ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు. నేను రెండు మాట్లు బటన్ నొక్కబోయి వదిలేశాను. పెద్దవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుంటున్న చోటికి పోయి, మా ఇంటికి దారి ఏది అని అడగడానికి ఎంత సిగ్గు వేస్తుందో అంత సిగ్గు వేసింది. చెవుల్లో అన్ని గొంతులు. వాటిలో ఒక్కదానికీ నేనిక్కడ ఉన్నానని తెలియదు. అంత ఏకాకినని నాకు అమ్మను కాటికి పంపి ఇంటికొచ్చిన రోజు కూడా అనిపించలేదు.

అప్పుడు కిందికి చూశాను.

ఒక వీధి కనిపించింది. ఆ వీధి పొడవునా పడుగు పరిచి ఉంది.

పడుగు అంటే మగ్గం మీదికి ఎక్కించబోయే నిలువు పోగుల బారు. మా అమ్మ వాళ్ళది నేతవాళ్ళ వీధి. పోగులను వీధి ఆ చివర నుంచి ఈ చివరకు లాగి కట్టి, కత్తెరలా నిలబెట్టిన కర్రల మీద పరిచి, రెండు పక్కలా మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో గంజి పట్టిస్తారు. నా చిన్నతనంలో సెలవులకు పోయినప్పుడు రోజూ చూసేదాన్ని. ఇప్పుడు మా వైపు ఎవరూ చెయ్యరు, గంజి పట్టించిన పోగు మిల్లు నుంచే వస్తుంది.

అదే నేను చూశాను. వంకాయ రంగు పోగులు, రెండు అంచుల్లో పసుపు. అటూ ఇటూ మనుషులు వంగి నడుస్తున్నారు, చేతులు ఒకేసారి పోతున్నాయి, ఒకేసారి వస్తున్నాయి. వీధి నడుమ ఆ వంపు, వంపు దగ్గర చేదబావి, చివర పెంకులు పోయిన భజన మందిరం. అనుమానమే లేదు, మా అమ్మ వీధి.

నా విమానం మరీ ఎత్తులో లేదు. ఆ చప్పుడుకు మా వైపు పల్లెల్లో గొడ్లు కాసేవాళ్ళ దగ్గర నుంచి అందరూ తలెత్తి చూస్తారు, పిల్లలైతే పరుగులే. వాళ్ళలో ఒక్కరు కూడా తలెత్తలేదు. అది గమనించాను, ఒక రకమైన బాధ కలిగింది. భయం మాత్రం వెయ్యలేదు. హమ్మయ్య, ఊరొచ్చింది అనుకున్నాను, అంతే. ఊరి మీద ఎడమకు తిరగాలి కాబట్టి ఎడమకు తిరిగాను.

రెక్క ఇంకా వంగే ఉంది. రేడియోలో నా విమానానికి పేరుగా వాడే అక్షరాలు వినబడ్డాయి. కంట్రోలర్ నన్నే పిలుస్తున్నాడు. మీరు హద్దు లోపలికి వచ్చారు, పడమటికి తిరగమని చెప్పబోతున్నాను, ఈలోపు మీరే తిరగడం కనబడింది, అట్లాగే పొండి అన్నాడు. ఆ మాట ముగిసీ ముగియకముందే, నేను అంతవరకూ పోతున్న దారికి అడ్డంగా, దుమ్ములోంచి ఒక పెద్ద విమానం దిగుతూ వచ్చింది. చక్రాలు ఇంకా బయటికి రాలేదు. కిటికీల వరస కనబడింది. తిరగకపోయి ఉంటే నేను దాని కిందికే పోయేదాన్ని. మళ్ళీ దుమ్ములో కలిసిపోయింది.

నేను బటన్ నొక్కాను. నేనెక్కడ ఉన్నానో నాకు తెలియదు అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో ఎంత పొట్టిగా ఉందో అప్పుడే తెలిసింది. ఆయన తిట్టలేదు. దిక్కు చెప్పి, దూరం చెప్పి, నేను హద్దు దాటేవరకూ మధ్య మధ్యలో పలకరిస్తూనే ఉన్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆ గొంతు ఇప్పటికీ గుర్తుంది.

ఎదురుగాలిలో నెమ్మదిగా పడమటికి వస్తుంటే, ఎడమవైపు దూరంగా అసలు తిరుత్తణి కొండ కనిపించింది. దాని పొడవేమిటి, ఆ జనమేమిటి, పొరపాటు పడే కొండా అది! ఇది తిరుత్తణి అయితే, నేను ఇందాక దండం పెట్టింది వేరే గుట్టకు. మరి మా అమ్మ వీధి తిరుత్తణికి ఇంత తూర్పున ఎట్లా ఉంటుంది?

దిగాక భూపతి సార్‌కు అంతా ఆయన అడగకముందే చెప్పాను, పడుగు సంగతి తప్ప. విమానం వెనకవైపు స్కూలు వాళ్ళు పెట్టిన చిన్న ట్రాకర్ ఉంటుంది. అది ఎక్కడెక్కడ తిరిగామో గీత గీస్తుంది. ఆయన ఆ గీతను కంప్యూటర్లో తెరిచాడు. తిరుత్తణిని చూడకుండానే దాటేశాను, కనకమ్మ సత్రాన్ని దాటేశాను. నేను ఎడమకు తిరిగిన చోటు మీద ఆయన వేలు పెట్టాడు.

అది మా తిరువళ్ళూరు దగ్గరి పూండి రిజర్వాయరు. ఒడ్డు కూడా కాదు. నీళ్ళ నడుమ.

“ఈడ నీకు గుర్తు పట్టేదానికి ఏమీ లేదే. ఏం జూసి తిరిగినావు?” అన్నాడు.

నేను చెప్పేశాను. వీధి, పోగులు, బావి, అన్నీ. నవ్వుతాడనుకున్నాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

“హద్దు దాటింది రిపోర్టు రాస్తాం, ఇద్దరం సంతకం పెడతాం. దానికేం వచ్చినా పడదాం. ఈ మాట ఏ వరసలో రాయమంటావు చెప్పు? మెడికల్ పరీక్షలో, నీకు లేనివి కనబడతాండాయని తెలిస్తే నిన్ను మళ్ళీ ఎక్కనిస్తారా? ముందు నువ్వుగా పోయి కళ్ళూ తలా చూపించుకో. బాగుంటే నా దగ్గరకు రా. బాగలేకపోతే నేనే ఎక్కనియ్యను.”

అన్నీ చూపించుకున్నాను. కళ్ళు, నరాలు, చక్కెర, తలకు స్కానింగు. డాక్టర్లకు ఏం చూశానో దాచకుండా చెప్పాను. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. ఎండ, అలసట, ఒంటరిగా ఉంటారు కదా అన్నారు. ఒంటరిగా ఉన్నవాళ్ళకు నీళ్ళ మీద వీధులు కనబడతాయని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. హద్దు దాటినందుకు నాకు హెచ్చరిక వచ్చింది, మళ్ళీ పరీక్ష పెట్టారు. లైసెన్సు నిలిచింది.

ఒక రోజు బండి వేసుకుని పూండికి పోయి కట్ట మీద నిలబడ్డాను. ఆ ఏడు నీళ్ళు బాగానే ఉన్నాయి. బూడిద రంగు నీళ్ళు, గాలికి లేచే చిన్న అలలు. ఎండ పడితే అలలు చారలు చారలుగా కనబడతాయి, నిజమే. ఆ చారల్ని చూసి పడుగు అనుకున్నానేమో అని నాకు నేను చాలాసేపు చెప్పుకున్నాను. ఆ చారల్లో వంకాయ రంగు లేదు. బావి లేదు. వంగి నడిచే మనుషులు లేరు.

ఇక అమ్మ ఊరికి పోయాను. అక్కడ మా మేనమామ భార్య, మునెమ్మత్త, ఒక్కతే ఉంటుంది. వీధికి సిమెంటు పోశారు. బావి పూడ్చేసి మీద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. భజన మందిరం ఉన్న చోట సెల్‌ఫోన్ల షాపు. కాఫీ తాగుతూ అత్తకు చెప్పాను. ఆమె లోటా కింద పెట్టి నన్ను కిందా మీదా చూసింది.

“ఏం రంగు పడుగు అంటివి?”

“వంకాయ రంగత్తా. అంచులు పసుపు.”

“మనోళ్ళు నేసిందంతా గళ్ళ లుంగీలు గదమ్మణ్ణీ. ఆ రంగు ఈ వీధి మొగమే చూడలే. ఎన్ని గంటలప్పుడు?”

“మధ్యాహ్నం కావస్తోంది.”

అత్త పకపకా నవ్వింది. “పిచ్చిదానా! తెల్లారేలోపల గంజి పట్టిచ్చి చుట్టేస్తాం. ఎండెక్కినాక పరిస్తే పోగు పటపటా తెగిపోదా? అందులోనూ ఆడి గాలిలో! ఏ తలకాయ లేనోడు పరస్తాడు?”

నిజమే. అది నాకూ తెలుసు. చీకటితోనే లేపి నన్ను వీధిలోకి తీసుకుపోయేవాళ్ళు. నేను చూసింది నా జ్ఞాపకం అని ఎవరైనా చెబితే నేను ఒప్పుకుని ఊరుకునేదాన్ని. కానీ జ్ఞాపకంలో లేని రంగు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరూ పరవని వేళలో, ఎవరూ పరవని గాలిలో, ఏ ఊరూ లేని చోట నాకు కనిపించింది ఎవరి పడుగు?

నవ్వు ఆగాక అత్త వీధిలోకి చూసింది.

“అందరూ ఉండారా?” అంది.

“ఎవరు?”

“పడుగు కాడ. రెండు పక్కలా నిండుగా ఉండారా మనుషులు?”

“నిండుగా ఉన్నారత్తా.”

“మల్లా అట్లా పోతే బాగా జూసి చెప్పు నాకు,” అంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడకూడదని లోపలికి పోయి, స్టవ్వు మీద ఏమీ లేకపోయినా గిన్నెలు సర్దింది.

కొన్ని నెలల తర్వాత పోయాను. ఈసారి అనుమతి అడిగి, భూపతి సార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని. గాలి లేదు, దుమ్ము లేదు, కళ్ళకు కనబడినంత దూరం శుభ్రంగా ఉంది. రేడియోలో నా వంతు వచ్చేవరకూ ఆగి, సిగ్గుపడకుండా ఎక్కడున్నానో చెప్పాను. పొమ్మన్నారు. పూండి నీళ్ళ మీదికి, సరిగ్గా ఆ గీత తిరిగిన చోటికి వచ్చాం.

సార్ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూడు అన్నట్టు తల ఊపాడు. నేను చూశాను. నీళ్ళు. ఒక పడవ. ఇంకోసారి తిరిగి చూద్దామా అని ఆయనే అడిగాడు. మళ్ళీ తిరిగాం. నీళ్ళే.

ఇది నాకు సంతోషం కలిగించాల్సిన విషయం. తల బాగుందని, కళ్ళు బాగున్నాయని, లేనిది కనబడడం లేదని రుజువైంది కదా. నేను మాత్రం ఇన్‌స్ట్రక్టరు పక్కన ఉండగా, విమానం నడుపుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన కంట్రోలు తన చేతిలోకి తీసుకుని పడమటికి తిప్పాడు.

సాయంత్రం మునెమ్మత్తే ఫోన్ చేసింది. ఆమెకు ఈ రోజు పోతున్నానని నేను చెప్పలేదు. ఎట్లా తెలిసిందో అడగలేదు.

“కనబడినారా?”

“లేదత్తా. నీళ్ళే.”

ఫ్యాను చప్పుడు వినిపించింది. అది ఆమె ఇంట్లోదో నా ఇంట్లోదో చెప్పలేను.

“పోనీలే అమ్మణ్ణీ,” అంది. “నువ్వు బద్రంగా దిగినావు గదా. ఆదివారం ఈడికి రా, అన్నం తిని పోదువు.”

ఆ రోజు నన్ను తిప్పింది ఏమిటో నాకు తెలియదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ అది దయ్యమే అయితే, దాన్ని ఇంకొక్కసారి చూడాలని ఒక పళ్ళ డాక్టరూ ఒక ముసలావిడా ఎందుకింత ఆశపడుతున్నారో, అది కూడా నాకు తెలియదు.